రేపు రమ్మంటవా

అక్క పోయిందని పాలమూరు నుంచి ఫోనొచ్చింది. ఆ సంగతి విన్నోళ్ళందరు నన్ను అడిగిన మాట ఒక్కటే, "ఏమైందట?" అని. చావు గురించి అడిగేటప్పుడు ఎవరికైనా గొంతు జర కిందికి దిగుతది. వీళ్ళు గొంతు దించి ఊకోలే, నా మొకంల ఏందో వెతికిన్రు. గుండెపోటని చెప్పిన. పొద్దుగాల పనిల కూసున్నంక ఛాతిల బరువైతాందన్నదట. ఆటోల దవాఖానకు తీస్కపోతుంటె తొవ్వలనే ప్రాణం పోయింది. నిజం గంతే. అయినా ఆళ్ళు "ఔనా" అన్న తీరుల నమ్మకం లేదు. ఆళ్ళు వినాలనుకున్న జవాబు వేరే ఉండె.

ఆమె పేరు నేను రాయను. ఆమెకు రెండు పేర్లుండె. ఒకటి మగపిల్లగాడు పుట్టిండని తల్లిదండ్రులు పెట్టింది. ఆ పేరుతోని పిలిస్తె ఆమెకు ఒళ్ళు మండేది. రెండోది తనకు తాను పెట్టుకున్నది. అది రాస్తె గుర్తుపట్టేటోళ్ళు ఇంకా ఉన్నరు, ఆమె ఊర్ల తల్లి ఉన్నది. నేనైతె అక్క అని పిలిచిన. ఈడ గూడ అక్కనే.

భువనగిరిల గుట్ట కింద, బజారుకు పోయే గల్లీల నాది ఆడోళ్ళ బట్టలు కుట్టే దుకాణం. ముందట కుట్టు మిషన్లు, తెర ఎనుక అర్రల మగ్గం. మగ్గమంటె చీరలు నేసేది కాదు. పెండ్లి రవికల మీద పూసలు, దారం పని చేసేటందుకు గుడ్డను నాలుగు కట్టెల నడుమ బిగించి కట్టే చట్రం. మా భువనగిరి జిల్లా అయినంక గిరాకి పెరిగింది. మగ్గం పని లేని రవిక ఏసుకుంటె పెండ్లే కానట్టు అయింది. నా దగ్గర షాహీన్ అనే పిల్ల ఒక్కతే ఆ పని చేసేది. ఎక్కువైన పని హైదరాబాదుకు పంపుతుంటి. ఆళ్ళు చెప్పిన దినం ఇయ్యకపోతె పెండ్లోళ్ళతోని మాటలు పడుతుంటి.

గట్లాంటి రోజులల్ల ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆమె వచ్చి గడప బయట నిలబడ్డది. ఎత్తు మనిషి. నీలం నూలు చీర, కొంగు రెండు భుజాల నిండ కప్పుకున్నది. పక్క కిరాణం ఆయన చూసి, చిల్లర బిళ్ళ పట్టుకొని "ఇంద, తీస్కొని పో" అన్నడు. ఆమె ఆయన దిక్కు తిరగలే. నా దిక్కే చూసి అన్నది, "పైసలకు రాలె చెల్లె. పనికొచ్చిన."

రుమాలల చుట్టి తెచ్చిన గుడ్డ ముక్క నా చేతుల పెట్టింది. దాని మీద జొన్నకంకి. సన్నటి పూసలతోని కుట్టింది. గింజ గింజకు రంగు జర జర మారుకుంట పోయి, కొన దగ్గర ఇంకా పాలుపట్టని గింజల లెక్క పచ్చగున్నది. నేను ఎనుకకు తిప్పి చూసిన. మంచి పనోళ్ళను అట్లనే పట్టుకుంటం మేము. ఎనుక గూడ ఒక్క దారం పోగు వేలాడ్తలేదు.

"ఏడ నేర్చుకున్నవ్?"

"పాత పట్నంల. ఒక ముసలాయన దగ్గర."

"మరి ఇంతకుముందు ఏడ చేసినవ్?"

ఆమె రుమాలను మడత పెట్టుకున్నది. "చానా జాగలల్ల చేసిన చెల్లె. పని మంచిగ లేదని ఎవ్వరు తీసెయ్యలే," అన్నది.

ఆ మాట ఎనుక ఇంకో మాట ఉన్నదని నాకు సమజైంది. అయినా లోపలికి రమ్మన్న. నాకు పని అంత అవసరముండె.

గా సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు గడప దగ్గర ఆగి అడిగింది, "చెల్లె, రేపు రమ్మంటవా?"

కొత్త మనిషి గద, అడిగింది అనుకున్న. "రా అక్క" అన్న. తెల్లారి సాయంత్రం మల్ల అడిగింది. వారం అయినంక అడిగింది. బతుకమ్మ పండుగకు ఊపిరాడనంత పని నడుస్తుంటె గూడ, చేతుల సగం అయిన రవిక ఉంటె గూడ, పోయే ముందు అదే మాట. షాహీన్ నవ్వేది. "రేపు రాకపోతె ఇది ఎవరు చేస్తరు ఆపా?" అనేది. అక్క నవ్వేది కాదు. నేను "రా" అనేదాంక చెప్పులల్ల కాలు పెట్టేది కాదు.

రెండో దినం పనికొచ్చేటప్పుడే సంచిల ఒక స్టీలు గిలాస తెచ్చుకున్నది. ఎదురుంగ హోటల్ నుంచి చాయ్ వస్తె తన గిలాసల పోయించుకునేది. తాగి తనే కడిగి, సంచిల పెట్టుకునేది. "మా దగ్గర గిలాసలు లేవా అక్క?" అని అడిగిన ఒకనాడు.

ఆమె సూది ఆపకుంటనే చెప్పింది. "పనిల నుంచి తీసేసే ముందు మొదలు గిలాస మారుతది చెల్లె. అందరికి గాజు గిలాస ఇచ్చి మనకు ప్లాస్టిక్‌ది ఇస్తరు. గది చూసిన్నాడే సంచి సదురుకోవాలె. నా గిలాస నేనే తెచ్చుకుంటె, మార్చేటందుకు ఎవ్వరికి ఏం ఉండదు."

ఆమె హిజ్రా అయినందుకే జనం అట్ల చేస్తరని అనుకున్న. ఇంకో కారణం ఉంటదని నాకప్పుడు తోచలే.

కారణం సూది దగ్గర బయటపడ్డది. మగ్గం సూది కొనకు చిన్న కొక్కెం ఉంటది. పై చెయ్యి సూది పొడుస్తది, గుడ్డ కింద ఉన్న చెయ్యి దారం అందిస్తది. కింది వేళ్ళు కనపడయి గనుక ఎంత చెయ్యి తిరిగినోళ్ళకైనా అప్పుడప్పుడు గుచ్చుకుంటది. షాహీన్‌కు గుచ్చుకుంటె వేలు నోట్ల పెట్టుకొని మల్ల పని మొదలుపెడ్తది. అక్క అట్ల కాదు. పొద్దుగాల కూసునే ముందే ఎడమ చేతి వేళ్ళన్నిటికి తెల్ల పట్టీ చుట్టుకునేది. అయినా గుచ్చుకుంటె బిగుసుకపోయేది. చెయ్యి మెల్లగ బయటికి గుంజుకొని, నల్ల దగ్గరికి పోయి కడిగి, కొత్త పట్టీ చుట్టుకొని వచ్చి, చట్రాన్ని కిటికీ ఎలుగుకు లేపి రెండు దిక్కుల చూసేది. "పడలే, ఏం పడలే" అని తనకు తనే చెప్పుకునేది. మల్ల పనిల కూసున్నా, జర సేపటి దాంక ఆమె ఊపిరి నాకు ఇనపడేది. ఆమె సూదులు ఒక చిన్న డబ్బల ఏరుగ ఉండేవి. అవి ఎవ్వరు ముట్టవద్దు.

ఒకనాడు షాహీన్ సూది విరిగింది. పక్కనే ఉన్న డబ్బ తెరిచి అక్క సూది తీసింది. అక్క దాని మణికట్టు పట్టుకొని గుంజి, సూది లాక్కున్నది. ఆ గుంజుడుకు పూసల పళ్ళెం బోర్లపడ్డది. షాహీన్ బిత్తరపోయింది. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

"నా చేతులు అంత పనికిరానియా ఆపా?" అని అడిగింది. తురకపిల్ల అని ముట్టనిస్తలేదనుకున్నది అది.

అక్క మొకం తెల్లగైంది. సూది డబ్బల పెట్టి, మూత ఏసి, రెండు చేతులు ఒళ్ళె పెట్టుకున్నది. "నీ చేతులు కాదు బిడ్డ," అన్నది. "నా చేతులు."

గప్పుడు చెప్పింది. తనకు హెచ్ఐవీ ఉన్నదని, ఏండ్ల నుంచి మందులు ఏసుకుంటున్నదని, నెలకొకసారి గుడికని చెప్పి పోయేది నల్లగొండ దవాఖానకని. మాట మాటకు నడుమ ఆగి మా ఇద్దరి మొకాలు చూసింది. నేను లేచి నిలబడుతనేమో, షాహీన్ ఎనుకకు జరుగుతదేమో అని చూస్తున్నదని తెలుస్తనే ఉండె.

షాహీనే ముందు మాట్లాడింది. "సూది ముడితె వస్తదా ఆపా?"

"రాదని చెప్పిన్రు. అయినా నాకు భయం."

గా సాయంత్రం ఇంటికి పోతుంటె బజార్ల నా వేళ్ళు నేనే చూసుకున్న. నాకు గూడ సూదులు గుచ్చుకుంటయి, ఆమె పని చేసిన గుడ్డే నేను కత్తిరించి కుడుత. ఆమె మంచిదని తెల్సు. కాని భయం మంచితనాన్ని అడిగి రాదు గద. మా ఆయనకు చెప్పాల్నా వద్దా, షాహీన్ వాళ్ళమ్మకు తెలిస్తె నన్నేమంటది, ఇవే తిరుగుతున్నయి తలకాయల.

తెల్లారి అక్క నా కంటె ముందే వచ్చి దుకాణం మెట్ల మీద కూసున్నది. "నా మాట మీద నమ్మకం పెట్టుకోకు చెల్లె," అన్నది. "నాతోని నల్లగొండ రా. ఆళ్ళను నువ్వే అడుగు. ఆళ్ళు చెప్పింది విని, మల్ల నువ్వేమంటె గది."

పోయినం. బస్సుల నేను ఎక్కి కూసుంటె ఆమె నా పక్కన కూసోలే. ముందట వేరే సీట్ల కూసున్నది. భువనగిరోళ్ళు ఎవరన్న చూస్తె నేను ఆమె మనిషినని తెల్వొద్దని. దవాఖానల మందులిచ్చే కిటికీ ముందట చానా మంది ఉండిన్రు. ఎవ్వరు ఎవ్వరి మొకం చూస్తలేరు. అక్క కొంగు ముక్కు దాంక కప్పుకొని గోడ దిక్కు తిరిగి నిలబడ్డది. ఎవరన్న లోపలికొస్తె ముందు ఆళ్ళ కాళ్ళు చూసేది. తెల్సినోళ్ళ చెప్పులేమో అని.

అక్కడ కౌన్సెలింగ్ చేసే మేడం మా ఇద్దరిని లోపలికి పిలిచింది. నేను సిగ్గుపడకుంట అన్ని అడిగిన. సూది సంగతి, గుడ్డ సంగతి, గిలాస సంగతి, ఒక్క నల్ల కింద చేతులు కడుగుడు సంగతి. ఆమె విసుక్కోలే. కలిసి పనిచేస్తె, కలిసి తింటె ఇది అంటుకోదమ్మా అన్నది. కుట్టిన గుడ్డతోని ఎవ్వరికి రాదన్నది. మీ అక్క మందులు ఒక్కనాడు గూడ తప్పిస్తలేదు, ఇప్పుడు పరీక్ష చేస్తె రక్తంల వైరస్ దొరుకుతలేదు, ఎవరి సూది వాళ్ళు వాడుకునుడు ఎవరికైనా మంచిదే, అంతకు మించి భయపడేది లేదు అన్నది. నేను ఇంటుంటె అక్క నేల చూసుకుంట కూసున్నది, తప్పు చేసి పెద్దసారు గదిల నిలబడ్డ పిల్ల లెక్క.

తిరుగు బస్సుల వచ్చి నా పక్కనే కూసున్నది. నార్కట్‌పల్లి దాటినంక అన్నది, "గీ మాట నాకు ఎన్నేండ్ల నుంచో చెప్తున్నరు చెల్లె. నేను ఒక్కదాన్నే ఇంటుంటి. ఇయ్యాల్ల నాతోపాటు ఇంకొకరు విన్నరు."

గా బస్సులనే పాత పనుల ముచ్చట చెప్పింది. ఒక హాస్టల్ల వంట చేసిందట. పిల్లలు అన్నం మంచిగున్నదని మల్ల మల్ల పెట్టించుకునేటోళ్ళట. తెల్సిన్నాడు ఆ పూట వండిన అన్నమంత పారబోసిన్రట. ఒక జిన్నింగ్ మిల్లుల పత్తి ఏరిందట. అక్కడ రోగం సంగతి తెల్వది, చీర కట్టుకొని వచ్చిందని తీసేసిన్రు. "రెండిట్ల ఏది ముందు తెలిస్తె దాన్ని పట్టుకుంటరు," అన్నది. "పోనీ మా హిజ్రాలల్లనే ఉందామంటె, రోగం సంగతి తెలిస్తె ఆళ్ళు గూడ పక్కన కూసోనియ్యరు. వీళ్ళల్ల దాచాలె, వాళ్ళల్ల దాచాలె."

"పనిల నుంచి తీసెయ్యొద్దని చట్టం ఉన్నదట గద, మేడం చెప్పింది," అన్న నేను.

"ఉన్నది. కాని చట్టం నన్ను పనిల పెట్టుకోదు గద చెల్లె," అన్నది. అని కిటికీల నుంచి బయటికి చూసింది.

బస్సు దిగి దుకాణం దాంక వచ్చినంక మల్ల అడిగింది. "రేపు రమ్మంటవా?"

"రా అక్క" అన్న. గా దినం ఆ మాట మామూలు మాట కాదని ఇద్దరికి తెల్సు.

ఆమెకు ఒక అలవాటుండె. రెండు మూడు నెలలకొకసారి, సెలవునాడు, తిరుమలగిరి బస్సు ఎక్కేది. ఆ తొవ్వల ఆమె ఊరు వస్తది. వాళ్ళది వ్యవసాయం ఇల్లు, రోడ్డు మీదికే ఉంటదట. కుడి దిక్కు కిటికీ దగ్గర జాగ దొరకకపోతె ఆ బస్సు వదిలేసి ఇంకో బస్సుకు ఆగేది. ఊర్ల దిగేది కాదు. తమ్ముడు రావొద్దన్నడు. ఇల్లు కనపడ్డంతసేపు చూసి, తిరుమలగిరిల దిగి, చాయ్ తాగి, మల్ల అదే తొవ్వల ఎడమ దిక్కు కూసొని వచ్చేది. తెల్లారి పనికొచ్చినంక "నిన్న అమ్మ ఆకిట్ల మిరపకాయలు ఎండబోస్తుండె" అనో, "గోడకు సున్నమేసిన్రు" అనో చెప్పేది. ఎవ్వరు కనపడకపోతె గా దినమంత మాట్లాడేది కాదు. అమ్మకు ఒంట్ల బాగ లేదేమో అని ఫికరు.

రెండేండ్లు గట్ల నడిచింది. ఆమె చేతి పని చూసి ఆలేరు నుంచి, పోచంపల్లి నుంచి గూడ వచ్చేటోళ్ళు. జొన్నకంకి రవిక కావాలని అడిగేటోళ్ళు. గిరాకి పెరిగిన కొద్ది అక్కకు భయం పెరిగింది. "ఇంత మంది రావొద్దు చెల్లె," అనేది. "ఎంత మంది కండ్లు పడ్తె అంత తొందరగ పని పోతది." కొత్తోళ్ళు వస్తె తెర జరుపుకొని లోపలే ఉండేది.

ఎట్ల తెల్సిందో నాకిప్పటికి తెల్వది. భువనగిరోళ్ళు ఎవరో నల్లగొండల ఆ కిటికీ దగ్గర చూసిన్రన్నరు. చూసినోళ్ళు గూడ అక్కడికి అదే పని మీద పోయి ఉండాలె. గది ఎవ్వరు అడగరు. మొదలు ఇద్దరు ఆడోళ్ళు సగం కుట్టిన బట్టలు వాపస్ తీస్కపోయిన్రు. కొలతలకొచ్చినోళ్ళు బల్ల మీద కూసోకుంట నిలబడే మాట్లాడిన్రు. ఒకనాడు ఎదురుంగ హోటల్ ఆయన చాయ్ కాయిదం కప్పులల్ల పంపిండు. గల్లీల మిగతా దుకాణాలకు గాజు గిలాసలే పోతున్నయి. నాకు, షాహీన్‌కు, అక్కకు, ముగ్గురికి కాయిదం కప్పులు.

అక్క ఆ కప్పు దిక్కు చూసింది. సూది గుడ్డల నుంచి తీసి డబ్బల పెట్టింది. "ఈసారి మీకు గూడ మార్చిన్రు," అన్నది. ఆమె గొంతుల బాధ కంటె భయం ఎక్కువుండె. తనకొక్కదానికి జరుగుడు ఆమెకు అలవాటే. పక్కోళ్ళకు అంటుకునుడు అప్పుడే చూసింది.

తర్వాత దుకాణం ఇంటాయన వచ్చిండు. మంచి మాటలే మాట్లాడిండు. "నాకేం లేదమ్మా, పైన కిరాయికున్నోళ్ళు గుణుగుతున్నరు," అన్నడు. మా ఆయన బస్సు డ్రైవరు. ఆయనకు నేను ముందే అంతా చెప్పిన్న. ఆయన అన్నం తినుకుంట, "ఆమెది తప్పు లేదు, నీది తప్పు లేదు. దుకాణం పోతె మాత్రం మనదే పోతది," అన్నడు. నేను కంచంల ఇంకొంత కూర ఏసిన. ఆయన రెండోసారి ఆ మాట తియ్యలే.

గప్పుడు మగ్గం మీద ఒక పెండ్లి రవిక గుడ్డ ఉండె. మెరూన్ పట్టు. చేతులకు మోచేయి దాంక జొన్నకంకులు, వీపుకు ఒక పెద్ద వరుస. పని అయిపోవచ్చింది. కత్తిరించి కుట్టుడే మిగిలింది. ఆ పిల్ల తల్లి, పిల్లను ఎంటబెట్టుకొని వచ్చింది. పెండ్లి ఆ వారంలనే. కూసోమన్న. కూసోలే.

"ఇది ఆమె చేసిందేనా?" అని అడిగింది.

"ఔను."

"మరి నేను విన్నది నిజమేనా?"

ఔనంటె అక్క సంగతి నా నోటితోని నేనే బయట పెట్టినట్టు. కాదంటె అబద్ధం. తెర ఎనుక సూది సప్పుడు ఆగింది. అక్క తెర జరుపుకొని బయటికొచ్చి నిలబడ్డది.

"నిజమే అమ్మా," అన్నది. "మందులు ఏసుకుంటున్న. నా చెయ్యి పడ్డ గుడ్డతోని మీ బిడ్డకేం గాదు. దవాఖానోళ్ళు చెప్పిన్రు. ఈ చెల్లె గూడ విన్నది."

ఆ తల్లి చెడ్డది కాదు. తిట్టలే, అరవలే. కొంగుతోని మెడ తుడుచుకున్నది. "తెల్వక కాదు," అన్నది. "నేను గూడ చదువుకున్నదాన్నే. కాని అవతలోళ్ళకు తెలిస్తె ఏమంటరు? నా బిడ్డ అది ఏసుకొని పీటల మీద కూసున్నంతసేపు నా గుండె దడ దడ కొట్టుకుంటనే ఉంటది. పెండ్లి సూడనా, గా రవికను సూడనా?"

అక్క తెర పక్కకు జరిపి పట్టుకున్నది. "అంత భయంతోని ఏసుకోవద్దమ్మా," అన్నది. "లోపలికి రాండ్రి."

అందరం లోపలికి పోయినం. అక్క మగ్గం ముందట కూసున్నది. మగ్గం కుట్టు గొలుసు కుట్టు. చివరి ముడి ఊడితె, దారం గుంజినకొద్ది మొత్తం ఇడిపోతది. ఏండ్లు నిలవాలని ఆ ముడి మీదనే మేము పానం పెడ్తం. అక్క కుడి చేతి కంకి కొనకు వేలు పెట్టి ముడి వెతికింది. బ్లేడుతోని కోసింది. దారం పట్టుకొని గుంజింది.

టప టప పూసలు రాలినయి. కంకి కొన నుంచి మొదలు దాంక గింజలన్ని ఊడి నేల మీద దొర్లినయి. షాహీన్ "వద్దు ఆపా" అన్నది. అక్క ఆగలే. తొందరపడలే గూడ. ఒక కంకి అయినంక ఇంకో కంకి ముడి వెతికింది. తల్లి తలుపుకు ఆనుకొని నిలబడ్డది. పెండ్లిపిల్ల కాళ్ళ చుట్టు పూసలు చేరినయి. తొక్కుతనేమోనని అది కదలకుంట నిలబడ్డది.

"గింత పని చెయ్యమని నేనన్లే," అన్నది తల్లి మెల్లగ.

"మీరు అనలే అమ్మా. నేనే చేస్తున్న."

అంతా అయినంక గుడ్డ చట్రం నుంచి ఇప్పి, దులిపి, మడత పెట్టింది. పట్టు మీద సూది గుచ్చిన సన్నటి రంధ్రాలు మిగిలినయి. ఎలుగుకు పట్టుకుంటె కంకులు ఇంకా కనపడుతనే ఉన్నయి. పెండ్లిపిల్ల కింద కూసొని గుప్పెడు పూసలు ఏరింది. వాళ్ళమ్మ "పా" అని భుజం పట్టుకున్నది. ఆ పిల్ల పూసలు పళ్ళెంల ఎయ్యలే, అక్క చెయ్యి పట్టుకొని అరచేతుల పోసి, వేళ్ళు మూసి పోయింది.

చీకటి పడేదాంక మేం ముగ్గురం పూసలు ఏరినం. పోయేటప్పుడు అక్క గడప దగ్గర ఆగలే. చెప్పులు ఏసుకొని పోయింది. రేపు రమ్మంటవా అని అడగలే. గల్లీ మూల తిరిగేదాంక ఆమె ఎనుక చూస్తనే నిలబడ్డ.

తెల్లారి వచ్చింది, పనికి కాదు. లోపలికి రాకుంట మెట్ల మీదనే కూసున్నది. "పాలమూరు పోతున్న చెల్లె," అన్నది. "నల్లగొండ మేడం అక్కడ తెల్సినోళ్ళున్నరన్నది."

"నేను పొమ్మనలే గద అక్క. ఇంటాయన సంగతి నేను చూసుకుంట. గిరాకి ఇయ్యాల్ల పోతె రేపొస్తది."

"నువ్వు అనలే. గందుకే పోతున్న," అన్నది. "ఇప్పటిదాంక ఏడ చేసినా ఆళ్ళే తీసేసిన్రు. తీసేసిన జాగకు మల్ల పోరాదు, ఆ గల్లీల నుంచి నడువబుద్ధి కాదు. నువ్వు అనకముందే నేను పోతె, నీ దగ్గరికి మల్ల రావొచ్చు."

నేను ఏడ్చిన. ఆమె ఏడ్వలే. నా చెంగు సరిచేసి, షాహీన్‌ను జాగ్రత్తగ చూసుకొమ్మన్నది.

ఆమె పోయినంక గిరాకి మెల్లమెల్లగ తిరిగొచ్చింది. హోటల్ ఆయన మల్ల గాజు గిలాసలు పంపిండు. నేను తాగకుంట చాన్నాళ్ళు వాపస్ పంపిన.

పాలమూరుల అక్క ఇంకో తీరు అయింది. దాచుడు బంద్ చేసింది. పనికి పోయిన ప్రతి దుకాణంల గడప మీదనే చెప్పేదట, నేను గిట్లాంటిదాన్ని, నాకు గీ జబ్బున్నది, మందులు ఏసుకుంట, పెట్టుకుంటవా అని. చానా మంది వద్దన్నరు. ఒకామె మాత్రం, ముందు పని చూపెట్టు అన్నదట. అక్కడ్నే ఉండిపోయింది చివరి దాంక. పెండ్లోళ్ళు అడిగితె గూడ ఆ దుకాణమామె ఉన్నది ఉన్నట్టు చెప్పేదట. కొందరు పోయేటోళ్ళు, కొందరు ఉండేటోళ్ళు. ఉన్నోళ్ళతోనే దుకాణం నడిచింది. అయినా అక్క భయం పూర్తిగ పోలే. ఫోన్ చేస్తె మొదటి మాట ఎప్పటికి ఒకటే, "అంతా మంచిదేనా చెల్లె? ఎవ్వరన్న ఏమన్న అన్నరా?" అని. ఎవ్వరు ఏమనలే అని నేను చెప్పినంకనే మిగతా ముచ్చట. రెండుసార్లు భువనగిరి వచ్చింది. రెండుసార్లు మా ఇంట్లనే అన్నం తిన్నది. వచ్చిన తొవ్వల తిరుమలగిరి దాంక గూడ పోయొచ్చింది.

పోయిందని ఫోన్ రాంగనే నేను, షాహీన్ పాలమూరు బస్సెక్కినం. దుకాణమామె గా దినం దుకాణం మూసి, పనోళ్ళందరితోని అక్కడనే ఉన్నది. ఎవ్వరు దూరం నిలబడలే. తమ్ముడు రాలే. తల్లి ఎవరినో తోడు తీస్కొని వచ్చింది. ముసలామె నన్ను పట్టుకొని, "నా బిడ్డ ఎప్పుడన్న నా గురించి అడిగిందా?" అన్నది. అక్క బస్సు సంగతి చెప్పిన. ఆమె చెవులకు చేతులు అడ్డం పెట్టుకొని నేల మీద కూలబడ్డది. ఎందుకు చెప్పిన్నా అనిపించింది. చెప్పకపోతె ఇంకేం చెప్పాలె.

అంతా అయినంక ఇంటి యజమాని అవ్వ, అక్క ఉన్న మేడ మీది అర్ర చూపెట్టింది. భువనగిరిల ఉన్నన్ని రోజులు అక్క కిరాయి అర్రల ఒక సంచి, చాప, పొయ్యి తప్ప ఏం ఉండకపోయేది. ఎప్పుడు వెళ్ళగొడ్తె అప్పుడు ఒక్క చేత పట్టుకొని పోవాలని కుండ గూడ రెండోది కొనకపోయేది. ఇక్కడ తలుపు తీస్తె గోడ పొడుగున ఒక ఇనుప బీరువ. ఆకుపచ్చ రంగు, నిలువెత్తు అద్దం.

"పోయిన దసరాకు కొన్నది," అన్నది అవ్వ. "మెట్లు ఇరుకు. మోసేటోళ్ళు తిట్టుకుంట ఎక్కించిన్రు. ఇది మల్ల కిందికి దిగదమ్మా అన్నరు. దిగకపోతె మంచిదే అన్నది మీ అక్క."

అవ్వ తాళం తీసింది. పై అరల నాలుగు చీరలు మడత పెట్టి ఉన్నయి. పక్కన మందుల డబ్బ, ఎవ్వరికి దాచకుంట ఎదురుంగనే. మిగతా అరలన్ని ఖాళీ.

"ఇంత పెద్దది తెచ్చుకున్నవ్, దీన్ల ఏం పెడ్తవే అని అడిగిన," అన్నది అవ్వ, ఒక ఖాళీ అరను కొంగుతోని తుడుచుకుంట. "తొందరేమున్నదవ్వా, నెమ్మదిగ నింపుకుంట అన్నది."